గాలిలో మన వాటా ఎంత?

భూమిలో మన వాటా ఎంత అని అడగడం మనకు తెలుసు. చెరువు నీళ్ళల్ల వాటా అడిగినం. శ్మశానానికి దారి అడిగినం. హోటల్లో అందరు తాగే గ్లాసు అడిగినం. గాలిలో మన వాటా ఏదని మాత్రం ఇంకా గట్టిగ అడగలేదు. గాలికి వాటా ఏందని నవ్వకండి. పాట పోయేది గాలిలోనే. మాట పోయేది గాలిలోనే. ఇన్నేండ్లు ఆ గాలి ఎవరి చేతిలో ఉంది? ఎవరి గొంతు దాని మీద ఊరూరా తిరిగింది? ఎవరి గొంతు వాడ దాటకుండానే ఆగిపోయింది? ఈ లెక్క తీయాల్సిందే.

లెక్క తీయమని మొదట చెప్పింది మనం కూడా కాదు, సుప్రీంకోర్టు. క్రికెట్ ఆటల ప్రసారం మీద నడిచిన ఒక కేసులో 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసమే వాడాలి అని అందులో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తేల్చి చెప్పారు. సర్కారు ఒక్కదాని గుత్తసొత్తు కాదన్నారు. బాగానే ఉంది. మరి ప్రజలంటే అందులో మనం ఉన్నామా లేమా?

మా చిన్నతనంలో రేడియో గ్రామపంచాయతీ ఆఫీసులో ఉండేది. పొద్దున భక్తిరంజని, సాయంత్రం పాడిపంటలు, ఆదివారం సంక్షిప్త శబ్దచిత్రం. మేము అరుగు కింద నిలబడి వినేవాళ్ళం. అబద్ధం ఎందుకు, ఆ రేడియో మాకు చాలా నేర్పింది. పరీక్షలకు పనికొచ్చిన తెలుగు సగం అక్కడ విన్నదే. కానీ పదేండ్లు విన్నా ఆ పెట్టెలో మా అమ్మ మాట్లాడే తెలుగు ఒక్క పూట వినపడలేదు. అందులో వ్యవసాయం ఉంది, కూలి మనిషి లేడు. పాట ఉంది, నాట్లు వేసే మనిషి గొంతు లేదు. జానపదానికి కొన్ని నిమిషాలు ఇచ్చిన మాట నిజమే. ఆ కొన్ని నిమిషాల్లో కూడా మన పాటను ఇంకెవరో సదువుకున్నోళ్ళు దిద్ది, శుద్ధిచేసి పాడేవాళ్ళు.

మా మేనమామ డప్పు కొడితే మూడు ఊళ్ళకు వినపడేది. ఎవరో చెప్తే విని, ఒకసారి పట్నంలో ఒక రేడియో కేంద్రానికి పోయాడు. స్వరపరీక్ష అన్నారట. పాట కాగితం మీద రాసుకొచ్చినవా అని అడిగారట. ఆయనకు రాయరాదు. సరే, డప్పు వాయించమన్నారు. డప్పు కాపుకోవాలె, జర్ర నిప్పు కావాలె అన్నాడు. లోపల నిప్పు కుదరదన్నారు. కాపుకోని డప్పు ఎట్ల మోగుతది? పలుచని అట్ట లెక్క మోగింది. వాళ్ళు తలకాయ ఊపి పంపించారు. బస్సు కిరాయికి తెచ్చిన అప్పు మిగిలింది. ఇంటికొచ్చి ఆయన నవ్వుకుంటనే చెప్పేవాడు. మాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఆయన గొంతు, ఆయన దరువు ఒక్క నిమిషం కూడా ఎక్కడా దాచి లేదు. మా పిల్లలకు వినిపిద్దామంటే ఏముంది చేతిలో?

అది ఆ కేంద్రంలో కూర్చున్న నలుగురి తప్పు అనుకుంటే మనం పొరపడ్డట్టే. ఏది సంగీతం, ఏది చప్పుడు అని నిర్ణయించే కుర్చీ ఎవరిదో ఆ కుర్చీ చేసిన పని అది. ఆ కుర్చీ హార్మోనియాన్నే 1940 నుంచి 1971 దాకా దేశం మొత్తం మీద ఆకాశవాణిలో మోగనివ్వలేదు. 1952 నుంచి సమాచార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా పాట మన సంగీతాన్ని పాడుచేస్తుందని దానికి తలుపు మూశాడు. జనం సిలోన్ రేడియో తిప్పుకున్నారు. చివరికి 1957లో వివిధ భారతి పెట్టక తప్పలేదు. హార్మోనియానికి, సినిమా పాటకే ఆ గతి పట్టిస్తే, చచ్చిన గొడ్డు తోలుతో చేసిన డప్పుకు, దక్కలోళ్ళ కిన్నెరకు, బైండ్లోళ్ళ జమిడికకు కుర్చీ వేస్తారా?

ఇక్కడ ఒక రేడియో సంగతి చెప్పాలి. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో ఉన్న సంఘం రేడియో. ఒకప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఆ నేల ఎర్రనేల, రాళ్ళనేల, వానను నమ్ముకున్న నేల. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1980ల నుంచి అక్కడి ఊళ్ళల్లో ఆడవాళ్ళ సంఘాలు పెట్టింది. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలి చేసుకునేవాళ్ళు, ఎకరం రెండెకరాల బీడు భూమి ఉన్నవాళ్ళు. మాకు మా రేడియో కావాలని వాళ్ళు అడిగారు. మగోళ్ళ రేడియో ఉంది, పెద్దోళ్ళ రేడియో ఉంది, మా బాసల మాట్లాడే రేడియో ఏదీ అన్నది వాళ్ళ ప్రశ్న. యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలో స్టూడియో వచ్చింది, సామాను వచ్చింది. దళిత ఇండ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, పని నేర్చుకొని మైకు పట్టుకున్నారు. అన్నీ వచ్చాయి. గాలి మాత్రం రాలేదు. సర్కారు పర్మిషన్ ఇయ్యలేదు.

అయితే వాళ్ళు ఊరుకున్నారా? రికార్డు చేసిన పాటలు, మాటలు క్యాసెట్లలో పట్టుకొని సంఘాల మీటింగులకు పోయి టేపురికార్డర్ మీద వినిపించారు. పస్తాపూర్‌లో 2000 సంవత్సరంలో దేశం నలుమూలల వాళ్ళు కూడి, సర్కారు రేడియో, వ్యాపారుల రేడియో కాక ప్రజల రేడియోకు మూడో చోటు కావాలని తీర్మానం చేశారు. సర్కారు 2002లో సామాజిక రేడియోకు ఒప్పుకుంది కానీ కాలేజీలకు, యూనివర్సిటీలకే. 2004లో మద్రాసు అన్నా యూనివర్సిటీకి మొదట వచ్చింది. సదువుకున్నోళ్ళకే మొదటి వడ్డన, ఇక్కడ కూడా! 2006 నవంబర్‌లో నిబంధనలు మార్చి స్వచ్ఛంద సంస్థలకు దారి తీశారు. చివరికి 2008 అక్టోబర్ 15న, గ్రామీణ స్త్రీల అంతర్జాతీయ దినం నాడు, సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి ఎక్కింది. ప్రారంభించడానికి వచ్చింది ఎవరో తెలుసా? 1995 తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. తీర్పుకు, ఆ మైకుకు నడుమ పదమూడేండ్లు పట్టింది.

ఆ రేడియోకు ఒక దినం ఎట్ల గడుస్తదో చూడండి. పొద్దున స్టూడియోలో మొదలు కాదు. రికార్డర్ పట్టుకొని ఊళ్ళకు, చేన్లకు పోతారు. కలుపు తీసేవాళ్ళ పక్కన కూర్చొని మాట్లాడిస్తారు. ముసలమ్మను తన అరుగు మీదనే పాడమంటారు. పాట కాగితం మీద రాసుకొచ్చినవా అని అడిగే అవసరం లేదు. నిప్పు కావాలంటే అక్కడే గడ్డి ఉంది. మా మేనమామ పోవలసింది పట్నం కాదని మాకు అప్పుడు అర్థమైంది. పట్టుకొచ్చిన దాన్ని స్టూడియోలో సాపు చేస్తారు. ప్రసారం సాయంత్రానికి పెట్టుకున్నారు, ఎందుకంటే పగలు వినేవాళ్ళందరూ పనిలో ఉంటారు. కూలి నుంచి వచ్చి, పొయ్యి రాజేసి, రొట్టె కొట్టుకుంట వినాలె. రేడియో టైము పొయ్యిని బట్టి పెట్టిన సంగతి ఇంకెక్కడన్నా విన్నారా?

చుట్టపు ఊరికి పోయినప్పుడు ఒక సాయంత్రం మేము కూర్చొని విన్నం. మొదట ఇసుర్రాయి పాట. దాని వెనకాలే విత్తనాల ముచ్చట: గంపకు పేడ అలికి, బూడిద, యాపాకు కలిపి విత్తనం ఎట్ల దాచాలె, పురుగు పడితే ఏం చెయ్యాలె. ఆ తర్వాత బాలింతకు ఏం పెట్టాలె అని ఇద్దరు ఆడవాళ్ళు వాదులాట. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోలేదు, ఆ ఒప్పుకోనిది కూడా గాలిలోకి వచ్చింది. నడుమ పిల్లల పొడుపు కథలు. ఒక భజన. మళ్ళీ సత్యం పంటల మాట. చలికాలంలో వాన లేకున్నా, నీళ్ళు కట్టకున్నా మంచుకు పండే పంటలను అక్కడి ఆడవాళ్ళు ఆ పేరుతో పిలుస్తారు. ఒక ముచ్చట నడుమ కోడి కూసింది. ఎవరూ దాన్ని కత్తిరించలేదు. పొయ్యి కాడి మనిషి "గది మనూరి కోడే" అని నవ్వింది.

మాతో వచ్చిన ఒక మాస్టారు, మంచివాడే, పుస్తకాలు చదివినవాడు, పెదవి విరిచాడు. "ఇదేం కార్యక్రమం? ఒక వరస లేదు. పాట, ఎరువు, పిల్లల జబ్బు, భజన, అంతా కలగాపులగం. కళల రేడియోనా, వ్యవసాయ రేడియోనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఊరి చేనులోనే ఉంది. ఒక్క ఎకరంలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుము, నువ్వు, పుంటికూర కలిపి వేస్తారు అక్కడ. పత్తి ఒక్కటే చూసిన కన్నుకు అది కూడా కలగాపులగమే. ఒక వాన తప్పితే జొన్న పోవచ్చు, కంది నిలబడుతది. చేను మొత్తం ఎండదు. ఇంట్లకు గింజ, గొడ్డుకు మేత, నేలకు బలం అన్నీ ఒక్క చేను ఇస్తది. ఆ రేడియో కూడా అట్ల కలిపి వేసిన చేనే.

అసలు కళ వేరు, పని వేరు అని గీత గీసింది ఎవరు? పని చేయని కులాలు గీసినయి. పాటను పనిలోంచి తీసి సభలో కూర్చోబెట్టి దానికి శాస్త్రం అని పేరు పెట్టినయి. పనిలో మిగిలిన పాటను కూలోళ్ళ రాగం అన్నయి. నాటు పాట నడుము నొప్పిని మరిపించడానికి పుట్టింది. డప్పు పెండ్లికీ మోగింది, చావుకూ మోగింది, ఊరికి చాటింపూ వేసింది. చాటింపు వేసిన డప్పు ఆ ఊరికి రేడియో కాదా? వందల ఏండ్లు ఊరి వార్త మోసినోడు మాదిగోడు. మైకు వచ్చినంక అతని చేతికి మాత్రం రాలేదు. అందుకే పాట, విత్తనం, జబ్బు, భజన ఒక్క పూటలో కలిసి వినపడితే మనకు అది కలగాపులగం అనిపించదు. అది మన బతుకు వరస.

ఇంకో మాట మమ్మల్ని మేము నిలదీసుకొని చెప్పాలి. మేము బడిపంతుళ్ళం. మా ఇండ్లల్ల మొదటి డిగ్రీలు మావే. పంతుళ్ళమయ్యాక ఏం చేసినం? వాడ పిల్ల "సార్, మా అవ్వ గట్ల జెప్పింది" అంటే, "గట్ల ఏంది, అలా అను" అని దిద్దినం. పిల్లలు నవ్వితే మేమూ నవ్వినం. ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవలేదు. పంచాయతీ అరుగు కింద నిలబడి రేడియోలో నేర్చుకున్న తెలుగును మేము కట్టెలాగ వాడినం. దెబ్బ తగిలింది మా అమ్మ మాటకే. సంఘం రేడియోలో ఒక ఆడమనిషి అచ్చం ఆ పిల్ల మాటతోనే ఏ తడబాటూ లేకుండా ఊళ్ళకు ఊళ్ళకు చెప్తుంటే మాకు సిగ్గయింది. పుస్తకాల తెలుగు రావాలె, పరీక్షకు కావాలె, వద్దనడం లేదు. కానీ ఇంటి మాటను చంపి నేర్పే చదువు పిల్లకు సగం గొంతు కోస్తది. ఇది తెలియడానికి మాకు ఇరవై ఏండ్ల నౌకరి పట్టింది.

ఇంతా చెప్పి, ఈ రేడియోతో మన పని తీరిపోయిందని చెప్తే అది మోసం. రెండు అడ్డంకులు ఉన్నయి.

మొదటిది లైసెన్సు. అది సంస్థ పేరు మీద వస్తది. మైకు ముందు కూర్చున్న మనిషి పేరు మీద రాదు. సంస్థ కనీసం మూడేండ్ల కింద రిజిస్టరై ఉండాలి. మనిషికి విడిగా ఇయ్యరు. పార్టీల అనుబంధ సంఘాలకు ఇయ్యరు. ఢిల్లీ ఆఫీసులు, కాగితాలు, టవరు, కరెంటు, రిపేరు. ఊరి అంబేద్కర్ యువజన సంఘం ఇదంతా దాటి పోగలదా? అందుకే మన గొంతు గాలిలోకి రావాలంటే ఎవరో ఒక సంస్థ భుజం ఎక్కాల్సి వస్తుంది. మాచ్నూర్ ఆడవాళ్ళు ఆ భుజం మీద కూర్చొని కూడా తమ మాటే మాట్లాడారు, వాళ్ళకు దండం. కానీ నిధులు ఆగితే, పెద్దలు మారితే భుజం దిగమనొచ్చు. ఈ భయం లేని రోజు రావాలె.

రెండోది ఇంకా పెద్దది. సామాజిక రేడియో వార్తలు చెప్పకూడదని నిబంధన. వాతావరణం చెప్పొచ్చు, జాతర చెప్పొచ్చు, పరీక్షల తేదీలు చెప్పొచ్చు, ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించొచ్చు. సొంతంగా వార్త చెప్పొద్దు, రాజకీయం మాట్లాడొద్దు. దీని అర్థం ఏందో మన భాషలో చెప్పుకుందాం. డప్పు కళాకారుడి దరువు వినిపించొచ్చు. నిన్న రాత్రి ఆ డప్పు కళాకారుణ్ణి బాకీ కూలి అడిగినందుకు కొట్టారని చెప్పరాదు. బతుకమ్మ పాట వేయొచ్చు. ఆ బతుకమ్మ కాడికి వాడ ఆడవాళ్ళను రానియ్యలేదని చెప్పరాదు. ఏడుపు వినిపించొచ్చు, ఏడిపించినోడి పేరు చెప్పరాదు. కళ మాది, వార్త వాళ్ళదా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు ఊరూరికీ సంగతి మోసింది మన పాటలు, మన కరపత్రాలు. మన పాట ఎప్పుడూ వార్తే. పాటను వార్తను విడదీసే ఈ నిబంధన పనిని కళను విడదీసిన పాత గీతకు చెల్లెలు.

వార్త చెప్పే హక్కు ఉన్న కూలోళ్ళ రేడియో ఎట్ల ఉంటుందో చూడాలంటే దక్షిణ అమెరికాలో బొలీవియా దేశం పోవాలి. అక్కడి తగరం గనుల కార్మికులు 1940ల చివర నుంచి సొంత రేడియోలు పెట్టుకున్నారు. తమ జీతాల్లోంచి కోసుకొని నడిపారు. వాటిల్లోనూ పాటలు, పండుగలు, నాటకాలు, పోయినోళ్ళ కబురు, యూనియన్ మీటింగు అన్నీ కలిసే ఉండేవి. 1980లో సైన్యం గద్దెనెక్కినప్పుడు ఆ రేడియోలు ఒకదానికొకటి తోడై సంగతి బయటికి చెప్పినయి. సైనికులు వచ్చి గొంతు నొక్కేదాకా చెప్పినయి. వాళ్ళు రేడియోల మీద దాడి చేసింది పాటలకు భయపడి కాదు. పాటతోపాటు నిజం కూడా వస్తున్నందుకు.

"ఇంకా రేడియో ఏంది సార్, ఇంటింటికి సెల్‌ఫోన్ ఉంది కదా" అని మా విద్యార్థులే అంటారు. ఉంది. మంచిదే. మన పిల్లలు ఫోన్లో పాట తీసి పెడితే లక్షలమంది చూస్తున్నారు. కానీ ఫోన్లో ఎవరికి ఏది చూపించాలో కంపెనీ చూసుకుంటది. కంటిముందు ఏది తిరిగితే దాన్నే ఇంకా తిప్పుతది. ఒక్కొక్కరం ఒక్కో మూలకు కూర్చొని చూస్తం. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. ఆయన కంటె ముందు కిన్నెర మోస్తూ ఊళ్ళు తిరిగి పేరు లేకుండ పోయిన దక్కలోళ్ళు ఎంతమంది? పేరొచ్చిన ఒక్కణ్ణి ఫోన్ చూపిస్తది. పక్క వాడలో ఉన్న ముసలాయన్ని వినాలంటే మనమే పోవాలె. ఫోనుతో అయినా, రేడియోతో అయినా పోవాల్సింది మన కాళ్ళే.

అందుకని అక్కలారా, అన్నలారా, మా మాట నాలుగు ముక్కల్లో.

సామాజిక రేడియోకు తన ఊరి వార్త చెప్పే హక్కు కావాలని మన ప్రతి మీటింగులో తీర్మానం చేద్దాం. భూమి, కూలి, రిజర్వేషన్ డిమాండ్ల పక్కన దీనికీ ఒక లైను ఇద్దాం.

మన సంఘాలను ఇప్పుడే రిజిస్టర్ చేసి, లెక్కలు రాసి పెట్టుకుందాం. మూడేండ్ల తర్వాత అడగడానికైనా ఈరోజు కాగితం ఉండాలె.

లైసెన్సు కోసం ఎదురుచూడకుండ, క్యాసెట్లతో మాచ్నూర్ ఆడవాళ్ళు ఆ పదేండ్లు చేసినట్టు, మన పెద్దలను రికార్డు చేద్దాం. చిందు కళాకారులు, దక్కలోళ్ళు, బైండ్లోళ్ళు, నాటు పాటల అవ్వలు. పేరు, ఊరు, తారీఖు చెప్పించి రికార్డు చేయాలె. పాడినోళ్ళకు కూలి కట్టియ్యాలె. మన దగ్గర మనమే ఉత్త చేతులతో పంపితే దొరకు మనకు తేడా ఏముంది? చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. ఆ తరం మనిషి ఒక్కొక్కరు పోతుంటే ఒక్కో బండెడు పుస్తకాలు కాలిపోయినట్టే.

నాలుగోది మాలాంటి పంతుళ్ళకు. వారానికి ఒక్క గంట వాడ పిల్లలను వాళ్ళ ఇంటి మాటల్లో మాట్లాడనిద్దాం. వాళ్ళ అవ్వ చెప్పిన కథ, పాడిన పాట బడికి తెమ్మందాం. దిద్దకుండ విందాం. వినడం మాకూ కొత్తగా నేర్చుకోవలసిన చదువే.

మా మేనమామ డప్పు ఇంకా మా ఇంట్ల దూలానికి వేలాడుతుంది. తోలు ఎండి బిగుసుకపోయింది. మొన్న మా చిన్నోడు దించి, గడ్డి అంటించి కాపి, రెండు దెబ్బలు కొట్టాడు. మోగింది. వాడి చేతిలో దరువు ఇంకా కుదరలేదు. నేర్పే మనిషి పక్క వాడలో ఒకాయన ఉన్నాడట. ఈ ఆదివారం రికార్డర్ పట్టుకొని ఆయన దగ్గరికే పోతున్నం.

జై భీం.